రీస్టార్ట్ కొట్టే ముందు లినక్స్ కెర్నెల్ టేబుళ్ళు ఎలా చూడాలి

సర్వర్ స్లో అయిపోయింది, బిల్లు రావట్లేదు అని ఫోన్ రాగానే మన వైపు ఎక్కువమంది చేసే మొదటి పని రీస్టార్ట్. అది పనిచేస్తాది కూడా, అందుకే అలవాటైపోయింది. కానీ రీస్టార్ట్ కొట్టగానే ఏటవుతాదంటే, ఆ నిముషంలో ఏ ప్రోగ్రాం ఏ ఫైలు పట్టుకుని కూర్చుంది, ఎవరితో కనెక్షన్ పెట్టుకుంది, ఎక్కడ ఆగిపోయింది అన్న లెక్కంతా ర్యామ్‌లోంచి పోతాది, మళ్ళీ నాలుగు రోజులకి అదే ప్రాబ్లం వస్తే మీరు మళ్ళీ మొదటికే, ఓనరు మళ్ళీ మీ మీదే. ఆ లెక్క చూడ్డానికి పెద్ద చదువు అక్కర్లేదు, పది నిముషాలు ఓపిక ఉంటే చాలు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల కంప్యూటర్ షాపుల్లో పనిచేసే తమ్ముళ్ళకి, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో బిల్లింగ్ మెషీన్ చూసుకునేవాళ్ళకి, విజయనగరం, రాజాం వైపు కాలేజీ ల్యాబుల్లో లినక్స్ సర్వర్ నెత్తిన పడ్డవాళ్ళకి ఇది రాస్తున్నాను.

కమాండ్లు ఇక్కడ ఫోన్లో చెప్పినట్టే రాస్తాను, అవతల మెషీన్ ముందు కూర్చున్న మనిషికి మనం ఒక్కో అక్షరం పలుకుతాం కదా, అలాగ. మీరు మాత్రం కీబోర్డు మీద ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి, పెద్ద అక్షరం కావాల్సిన చోట పెద్ద అని చెప్తాను. స్పేస్ అన్న చోట స్పేస్, డ్యాష్ అంటే మైనస్ గుర్తు.

అసలు ఈ టేబుళ్ళు ఏటి? కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. ఎవరికి ఏది ఇచ్చిందో అది ఎప్పటికప్పుడు రాసుకుంటాది. ఏ సర్వే నంబరు ఎవరి సాగులో ఉందో అడంగల్ చూస్తే తెలిసినట్టే, ఏ ఫైలు ఏ ప్రాసెస్ (అంటే నడుస్తున్న ప్రోగ్రాం) చేతిలో ఉందో ఈ టేబుళ్ళు చూస్తే తెలుస్తాది. పాత యూనిక్స్‌లో ఈ టేబుళ్ళకి సైజు ముందే ఫిక్స్, ఇన్ని ప్రాసెస్‌లు, ఇన్ని ఫైళ్ళు అంతే, నిండిపోతే కొత్తది తెరుచుకోదు. యూనిక్స్ కుటుంబంలోదే అయిన బీఎస్‌డీలో పీస్టాట్ అని ఒక యుటిలిటీ ఉంది, ఏ టేబుల్లో ఎన్ని గళ్ళు నిండాయో చూపిస్తాది, ఫ్రీబీఎస్‌డీలో ఇప్పటికీ ఉంది. లినక్స్‌లో టేబుళ్ళు అవసరాన్ని బట్టి పెరుగుతాయి గానీ వాటికీ ఒక పైహద్దు ఉంటాది, మనకొచ్చే ప్రాబ్లమ్స్‌లో చాలావరకు ఆ హద్దు దగ్గరే. లినక్స్ ఆ లెక్కని స్లాష్ ప్రాక్ (పీ ఆర్ ఓ సీ) అనే ఫోల్డర్‌లో చూపిస్తాది. అది డిస్క్ మీద ఉండే ఫోల్డర్ కాదు, అందులో ఫైళ్ళ సైజు చాలావరకు సున్నా అని కనిపిస్తాది, మీరు చదివిన క్షణంలో కెర్నెల్ అప్పటికప్పుడు రాసి ఇస్తాది. కింద చెప్పే టూల్స్‌లో సగం ఆ ఫోల్డర్ చదివి అందంగా చూపించేవే.

ముందు రికార్డింగ్ ఆన్ చెయ్యండి

టెర్మినల్ తెరిచి సుడో (ఎస్ యూ డీ ఓ), స్పేస్, డ్యాష్ ఐ కొట్టి రూట్ అవ్వండి, అంటే అన్ని అధికారాలు ఉన్న యూజర్, లేకపోతే వేరే యూజర్ల ప్రాసెస్‌ల వివరాలు సగమే కనిపిస్తాయి. తర్వాత స్క్రిప్ట్ అని కొట్టి ఎంటర్. ఎస్ సీ ఆర్ ఐ పీ టీ. ఇక్కడ్నుంచి స్క్రీన్ మీద వచ్చేదంతా టైప్‌స్క్రిప్ట్ అనే ఫైల్లోకి వెళ్ళిపోతాది, అయిపోయాక ఎగ్జిట్ కొడితే ఆగుతాది. ఫోన్‌తో స్క్రీన్ ఫోటోలు తియ్యడం కన్నా ఇది వంద రెట్లు నయం. డిస్క్ నిండిపోయి ఉంటే మాత్రం ఆ ఫైలు రాయదు, అప్పుడు ముందు సీడీ, స్పేస్, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌హెచ్ఎం అని అక్కడికి వెళ్ళి స్క్రిప్ట్ కొట్టండి. ఆ చోటు ర్యామ్‌లో ఉంటాది కాబట్టి పని అయ్యాక పెన్‌డ్రైవ్‌కి కాపీ చెయ్యకుండా మెషీన్ ఆపొద్దు. మొదటి కమాండ్ డేట్. టైము లేని లెక్క తర్వాత దేనికీ పనికిరాదు.

కెర్నెల్ ఏమైనా చెప్తోందా చూడండి

డీ మెసేజ్, అంటే డీ ఎం ఈ ఎస్ జీ, స్పేస్, డ్యాష్ పెద్ద టీ. చివరి ముప్పై నలభై లైన్లు నెమ్మదిగా చదవండి. టేబుల్ ఫుల్ డ్రాపింగ్ ప్యాకెట్ అని ఉంటే కనెక్షన్ ట్రాకింగ్ (కాన్‌ట్రాక్) టేబుల్ నిండింది. నైబర్ టేబుల్ ఓవర్‌ఫ్లో అని ఉంటే ఏఆర్‌పీ టేబుల్, అంటే పక్క మెషీన్ల అడ్రస్‌ల టేబుల్ నిండింది. ఒక టాస్క్ 120 సెకన్లకి పైగా బ్లాక్డ్ అని ఉంటే డిస్క్ మీదో, నెట్‌వర్క్ ఫోల్డర్ మీదో ఎవరో ఇరుక్కున్నారు. అవుట్ ఆఫ్ మెమరీ కిల్డ్ ప్రాసెస్ అని ఉంటే ర్యామ్ అయిపోయి కెర్నెలే ఒకరిని చంపింది. ఇక్కడే జవాబు దొరికేస్తే మిగతావి అన్నీ చూడక్కర్లేదు, నేరుగా ఆ టేబుల్ దగ్గరికి వెళ్ళండి.

ప్రాసెస్ టేబుల్

పీఎస్, స్పేస్, డ్యాష్ ఈఓ, స్పేస్, తర్వాత పీఐడీ కామా పీపీఐడీ కామా స్టాట్ కామా డబ్ల్యూచాన్ కామా సీఎండీ. కామాల మధ్య స్పేస్ ఇవ్వకూడదు. పీఐడీ అంటే ప్రాసెస్ నంబరు, పీపీఐడీ అంటే దాన్ని పుట్టించిన పేరెంట్ నంబరు. స్టాట్ అన్న కాలమ్‌లో మొదటి అక్షరం చూడండి. ఎస్ అంటే నిద్రలో ఉంది, మామూలే, ఎక్కువ అవే ఉంటాయి. ఆర్ అంటే పరిగెడుతోంది. టీ అంటే ఎవరో ఆపేశారు, చాలాసార్లు కంట్రోల్ జెడ్ పొరపాటున నొక్కి మర్చిపోయినవి ఇలాగే పడి ఉంటాయి.

జెడ్ అంటే జాంబీ. ఆ ప్రాసెస్ చచ్చిపోయింది గానీ దాన్ని పుట్టించిన పేరెంట్ ఇంకా లెక్క తీసుకోలేదు కాబట్టి టేబుల్లో గడి అలాగే మిగిలింది. దాన్ని కిల్ డ్యాష్ 9 అని ఎంత కొట్టినా లాభం లేదు, చచ్చిన దాన్ని చంపలేం, పీపీఐడీ కాలమ్ చూసి ఆ పేరెంట్‌ని సరిచెయ్యాలి. ఒకటీ అరా ఉంటే వదిలెయ్యండి, వందల్లో పెరుగుతుంటే ఆ పేరెంట్ ప్రోగ్రాంలో తప్పు ఉన్నట్టే.

డీ ఉంటే మాత్రం ఆగి చూడండి. డిస్క్ నుంచో, నెట్‌వర్క్ ఫోల్డర్ నుంచో జవాబు కోసం ఎదురుచూస్తోంది, అది వచ్చేదాకా కిల్ కూడా వినదు. లినక్స్‌లో లోడ్ యావరేజ్ (సగటున ఎన్ని ప్రాసెస్‌లు పని మీద ఉన్నాయో చెప్పే అంకె) లెక్కలో ఈ డీ ప్రాసెస్‌లు కూడా కలుస్తాయి, అందుకే సీపీయూ ఖాళీగా ఉండి లోడ్ మాత్రం ఇరవై ముప్పై చూపిస్తుంటే కంగారు పడకుండా డీ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. డబ్ల్యూచాన్ కాలమ్ అది కెర్నెల్‌లో ఏ ఫంక్షన్ దగ్గర ఆగిందో చెప్తాది, అక్కడ ఎన్ఎఫ్ఎస్ అన్న అక్షరాలు కనిపిస్తే నెట్‌వర్క్ స్టోరేజ్ వైపు చూడండి, ఎక్స్‌టీ 4 లాంటిది కనిపిస్తే హార్డ్ డిస్క్ వైపు. మన దగ్గర వోల్టేజీ ఎలా ఊగుతాదో తెలిసిందే, పాత డిస్క్‌లు ఇలాగే మొదట డీ స్టేట్లతో చెప్తాయి, పూర్తిగా పోయేది తర్వాత. కాబట్టి డీలు ఎక్కువుంటే రీస్టార్ట్ కన్నా ముందు బ్యాకప్ ఉందో లేదో చూసుకోండి, ఆ డిస్క్ మళ్ళీ లేస్తాదన్న గ్యారంటీ లేదు.

తెరిచి ఉన్న ఫైళ్ళు

ఇది అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది, కొంచెం టైము ఇవ్వండి. క్యాట్, స్పేస్, స్లాష్ ప్రాక్ స్లాష్ సిస్ స్లాష్ ఎఫ్ఎస్ స్లాష్ ఫైల్ డ్యాష్ ఎన్ఆర్. సిస్ అంటే ఎస్ వై ఎస్. మూడు నంబర్లు వస్తాయి. మొదటిది మొత్తం మెషీన్లో ఇప్పుడు కెర్నెల్ ఇచ్చి ఉన్న ఫైల్ హ్యాండిల్స్ (తెరిచిన ఫైళ్ళ గళ్ళు), మధ్యది 2.6 కెర్నెల్ నుంచి ఎప్పుడూ సున్నానే, మూడోది పైహద్దు. కొత్త సిస్టమ్స్‌లో ఆ మూడోది చదవలేనంత పెద్దగా ఉంటాది, కాబట్టి మెషీన్ మొత్తానికి హద్దు తగలడం ఇప్పుడు తక్కువే. తగిలేది ఒక్కో ప్రాసెస్‌కి ఉండే హద్దు. చాలా చోట్ల అది 1024. టూ మెనీ ఓపెన్ ఫైల్స్ అన్న మెసేజ్ వచ్చిందంటే ఎక్కువసార్లు ఇదే.

దాన్ని ఖాయం చేసుకోడం సులువు. ఆ ప్రోగ్రాం పీఐడీ పట్టుకోండి, 2345 అనుకుందాం. క్యాట్ స్లాష్ ప్రాక్ స్లాష్ 2345 స్లాష్ లిమిట్స్ కొడితే మ్యాక్స్ ఓపెన్ ఫైల్స్ అన్న లైను కనిపిస్తాది, అదే హద్దు. ఎల్ఎస్ స్పేస్ స్లాష్ ప్రాక్ స్లాష్ 2345 స్లాష్ ఎఫ్‌డీ, దాని తర్వాత పైప్ గుర్తు పెట్టి డబ్ల్యూసీ డ్యాష్ ఎల్ కొడితే ఇప్పుడు ఎన్ని తెరిచి ఉందో వస్తాది. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే దొంగ దొరికినట్టే. హద్దు పెంచాలంటే చాలామంది లిమిట్స్ డాట్ కాన్ఫ్ ఫైల్లో మార్చి, రీస్టార్ట్ చేసి, మారలేదేటి అని తల పట్టుకుంటారు. ఆ ఫైలు లాగిన్ అయ్యేవాళ్ళకే వర్తిస్తాది. సిస్టమ్‌డీ (సర్వీసుల్ని లేపి చూసుకునే ప్రోగ్రాం) నడిపే సర్వీసులకి సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ అని ఆ సర్వీసు పేరు కొట్టి, సర్వీస్ సెక్షన్ కింద లిమిట్ నోఫైల్ అన్న లైను పెట్టాలి, లిమిట్‌లో ఎల్ పెద్దది, నోఫైల్ అంతా పెద్ద అక్షరాలే, మధ్యలో స్పేస్ ఉండదు. అయితే హద్దు పెంచడం మందు కాదు. పది నిముషాలు ఆగి మళ్ళీ లెక్కపెట్టండి, ఊరికే పెరుగుతూ పోతుంటే ఆ ప్రోగ్రాం ఫైళ్ళు తెరుస్తోంది గానీ మూయట్లేదు, రాసినవాళ్ళకి చెప్పి సరిచేయించాలి.

ఇప్పుడు ఎల్ఎస్ఓఎఫ్. ఎల్ ఎస్ ఓ ఎఫ్, పర్డ్యూ యూనివర్సిటీలో విక్టర్ ఏబెల్ రాసిన టూల్, తెరిచి ఉన్న ఫైళ్ళ జాబితా ఇస్తాది. ఉత్తినే కొడితే వేల లైన్లు వస్తాయి, పైగా అడ్రస్‌లకి పేర్లు చెప్పే డీఎన్ఎస్ పనిచెయ్యకపోతే పేర్లు వెతుక్కుంటూ ఇదే ఆగిపోయినట్టు ఉంటాది, అందుకని డ్యాష్ ఎన్, పెద్ద పీ ఎప్పుడూ పెట్టండి. ఒక్క ప్రాసెస్ కోసం అయితే డ్యాష్ పీ, స్పేస్, 2345 కూడా తగిలించండి, ఈ పీ చిన్నది. ఎఫ్‌డీ కాలమ్‌లో 4యూ, 7డబ్ల్యూ ఇలాగ ఉంటాయి, నంబరు ఆ ప్రాసెస్ టేబుల్లో గడి నంబరు, ఆర్ అంటే చదవడానికి, డబ్ల్యూ రాయడానికి, యూ రెండిటికీ. 0, 1, 2 ఎప్పుడూ ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్.

డిస్క్ ఫుల్ కేసు చెప్తాను, పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ బిల్లింగ్ మెషీన్‌లో వచ్చింది. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కొడితే 100 శాతం అంటోంది, ఫోల్డర్ సైజు చెప్పే డీయూతో ఫోల్డర్లన్నీ కూడితే అందులో సగం కూడా లేదు. అక్కడి అబ్బాయి అప్పటికే పెద్ద లాగ్ ఫైలు డిలీట్ చేశాడు, అయినా చోటు రాలేదు. కారణం ఏటంటే, డిలీట్ చేస్తే ఫోల్డర్లోంచి పేరు మాత్రమే పోతాది, ఏదైనా ప్రాసెస్ ఆ ఫైలు తెరిచి పెట్టుకుని ఉన్నంతసేపు డిస్క్ మీద దాని చోటు ఖాళీ అవదు. ఎల్ఎస్ఓఎఫ్, స్పేస్, ప్లస్ గుర్తు, పెద్ద ఎల్, 1 అని కొట్టండి. పేరు పోయి ఇంకా చేతుల్లో ఉన్న ఫైళ్ళు మాత్రమే వస్తాయి, పక్కన డిలీటెడ్ అని ఉంటాది, సైజు కాలమ్‌లో పెద్దది చూసుకోండి. అక్కడ లాగ్ రాసే సర్వీసు ఒక్కటి రీస్టార్ట్ చేస్తే చాలు, మెషీన్ ముట్టుకోకుండానే చోటు వచ్చేసింది. ఆ సర్వీసు ఆపలేని టైములో అయితే కోలన్, స్పేస్, గ్రేటర్ దేన్ గుర్తు, స్పేస్, స్లాష్ ప్రాక్ స్లాష్ పీఐడీ స్లాష్ ఎఫ్‌డీ స్లాష్ గడి నంబరు అని కొడితే ఆ ఫైలు లోపలిది ఖాళీ అయిపోతాది. ఇది లాగ్ ఫైళ్ళకి మాత్రమే. డేటాబేస్ ఫైలు మీద కొట్టారంటే జీడిపప్పు లెక్కలన్నీ పోతాయి, రెండుసార్లు పేరు చదివి అప్పుడు ఎంటర్ నొక్కండి.

ఇదే దారిలో ఇంకో గొప్ప ఉపయోగం ఉంది. ఎవరైనా పొరపాటున కావాల్సిన ఫైలు డిలీట్ చేసేస్తే, దాన్ని తెరిచిన ప్రాసెస్ ఇంకా బతికి ఉంటే, సీపీ కమాండ్‌తో ఆ ఎఫ్‌డీ గడిలోంచి బయటికి కాపీ చేసుకోవచ్చు. నడుస్తున్న డేటాబేస్ ఫైలు అయితే మధ్యలో రాతలు జరుగుతుంటాయి కాబట్టి కాపీని తర్వాత చెక్ చేసుకోవాలి, అయినా ఏమీ లేకపోవడం కన్నా నయం కదా. ఆ టైములో ఎవరైనా రీస్టార్ట్ కొట్టారంటే ఆ దారి మూసుకుపోయింది.

ఎల్ఎస్ఓఎఫ్ మెషీన్లో లేకపోతే, నెట్ కూడా లేక ఇన్‌స్టాల్ చెయ్యలేకపోతే, ఎల్ఎస్ డ్యాష్ ఎల్ అని ఆ ఎఫ్‌డీ ఫోల్డర్ మీద కొట్టినా ఇదే కనిపిస్తాది.

కనెక్షన్ల టేబుల్

ఎస్ఎస్, స్పేస్, డ్యాష్ టీ ఏ ఎన్ పీ. పాతవాళ్ళకి నెట్‌స్టాట్ అలవాటు, అది స్లాష్ ప్రాక్ స్లాష్ నెట్ ఫైళ్ళు చదివి చెప్తాది, ఎస్ఎస్ కెర్నెల్‌ని నేరుగా అడుగుతాది, కనెక్షన్లు వేలల్లో ఉన్నప్పుడు ఎస్ఎస్ చాలా ఫాస్ట్. ముందు ఎస్ఎస్ డ్యాష్ ఎస్ కొట్టి మొత్తం అంకెలు చూసి అప్పుడు లోపలికి వెళ్ళండి.

మొదటి కాలమ్‌లో ఒక్కో కనెక్షన్ ఏ స్థితిలో ఉందో ఉంటాది. అక్కడ టైమ్ వెయిట్‌లు వందల్లో కనిపిస్తే భయపడకండి, మన వైపు నుంచి మూసిన కనెక్షన్ లినక్స్‌లో 60 సెకన్లు అలా ఉండి పోతాది. క్లోజ్ వెయిట్ మాత్రం వేరు. అవతలివాడు మూసేశాడు, మన ప్రోగ్రాం ఇంకా మూయలేదు, దానికి టైమర్ ఏమీ లేదు, ప్రోగ్రాం మూసేదాకా అలాగే ఉంటాది. క్లోజ్ వెయిట్‌లు పెరుగుతున్నాయంటే తప్పు నెట్‌వర్క్‌ది కాదు, మీ సర్వర్ మీదున్న ప్రోగ్రాందే, చివర కాలమ్‌లో దాని పేరు, పీఐడీ ఉంటాయి, పైన చెప్పిన ఫైళ్ళ లెక్క కూడా అదే ప్రాసెస్‌కి పెరుగుతూ ఉంటాది ఎందుకంటే సాకెట్ (కనెక్షన్‌కి మన వైపు కొస) కూడా ఒక గడే. సిన్ సెంట్‌లో ఆగి ఉంటే మనం తలుపు కొట్టాం, అవతల ఎవరూ పలకట్లేదు, ఫైర్‌వాలో, అవతల మెషీన్ ఆగిపోవడమో.

లిజన్ అన్న లైన్లలో రిసీవ్ క్యూ, సెండ్ క్యూ అర్థం మారిపోతాది, చాలామందికి ఇది తెలీదు. అక్కడ రిసీవ్ క్యూ అంటే ప్రోగ్రాం లోపలికి పిలవక లైన్లో నిలబడ్డ కనెక్షన్లు, సెండ్ క్యూ అంటే ఆ లైను పట్టే హద్దు. మొదటిది రెండోదాన్ని అందుకుంటోందంటే ప్రోగ్రాం పలకట్లేదు, అది ఎక్కడ ఇరుక్కుందో ప్రాసెస్ టేబుల్లో చూడండి.

చిన్న మెషీన్లలో ఎస్ఎస్ కూడా లేకపోతే క్యాట్ స్లాష్ ప్రాక్ స్లాష్ నెట్ స్లాష్ టీసీపీ. అంకెలు హెక్స్‌లో, అంటే పదికి బదులు 16 లెక్కలో ఉంటాయి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పోర్టు 5432 అక్కడ 1538 అని కనిపిస్తాది. స్టేట్ కాలమ్‌లో 01 అంటే ఎస్టాబ్లిష్డ్, 06 టైమ్ వెయిట్, 08 క్లోజ్ వెయిట్.

పక్క మెషీన్ల టేబుల్

ఐపీ, స్పేస్, ఎన్ ఈ ఐ జీ హెచ్. మన లోకల్ నెట్‌వర్క్‌లో ఏ ఐపీకి ఏ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు సొంత నంబరు) అన్నది ఇది. షాపుల్లో తరచూ వచ్చే గొడవ ఏటంటే సర్వర్‌కి 192.168.1.10 అని చేత్తో పెట్టి ఉంటారు, తర్వాత సీసీ కెమెరా బిగించినోళ్ళు దాని రికార్డింగ్ పెట్టె డీవీఆర్‌కి కూడా అదే పెట్టేసి వెళ్ళిపోతారు, బిల్లింగ్ ఒక నిముషం పనిచేసి ఒక నిముషం ఆగుతాది. వేరే మెషీన్ నుంచి ఈ కమాండ్ అప్పుడప్పుడు కొట్టి చూడండి, ఒకే ఐపీకి మ్యాక్ మారుతుంటే రెండు పెట్టెలు కొట్టుకుంటున్నాయి. విండోస్ నుంచి అయితే ఏఆర్‌పీ డ్యాష్ ఏ. స్టేల్ అని ఉంటే తప్పు కాదు, ఈ మధ్య మాట్లాడలేదు అంతే. ఫెయిల్డ్ అంటే పలకలేదు. దారి ఎటు పోతోందో తెలియాలంటే ఐపీ రూట్ గెట్ అని అవతలి అడ్రస్ కొట్టండి, ఏ కార్డు గుండా, ఏ గేట్‌వేకి పోతాదో ఒక్క లైన్లో చెప్పేస్తాది.

లినక్స్ పెట్టెనే రౌటర్‌గా వాడే హాస్టళ్ళు, కాలేజీల్లో ఇంకొకటి చూడాలి, స్లాష్ ప్రాక్ స్లాష్ సిస్ స్లాష్ నెట్ స్లాష్ నెట్‌ఫిల్టర్ ఫోల్డర్లో కాన్‌ట్రాక్ కౌంట్, కాన్‌ట్రాక్ మ్యాక్స్ అని రెండు ఫైళ్ళు. కౌంట్ మ్యాక్స్‌ని తాకితే కొత్త కనెక్షన్లు పోతాయి, పాతవి నడుస్తాయి, అందుకే సగంమందికి నెట్ ఉండి సగంమందికి ఉండదు. ఎస్టాబ్లిష్డ్ కనెక్షన్‌కి డిఫాల్ట్ గడువు 4,32,000 సెకన్లు, అంటే 5 రోజులు, అవతల ఫోన్ ఆపేసినా గడి అన్నాళ్ళు ఉండొచ్చు. ర్యామ్ ఉంటే మ్యాక్స్ పెంచండి, గడువు తగ్గించండి.

ర్యామ్ ఎవరు తిన్నారో ప్రాసెస్‌లలో తేలకపోతే స్లాబ్‌టాప్ కొట్టండి, కెర్నెల్ తన సొంతానికి ఎంత వాడుకుంటోందో వస్తాది. డెంట్రీ (ఫైళ్ళ పేర్లు గుర్తుపెట్టుకునే చోటు) పైన ఉంటే మామూలే, అవసరమైనప్పుడు వదిలేస్తాది.

బాగున్న రోజు లెక్క కూడా కావాలి

ఒక్కసారి చూసిన అంకె పెద్దదో చిన్నదో తెలీదు, బాగా నడుస్తున్న రోజు ఎంత ఉంటాదో తెలిస్తేనే తేడా తెలుస్తాది. పైన చెప్పిన వాటిలో డేట్, పీఎస్, ఫైల్ ఎన్ఆర్, ఎస్ఎస్ డ్యాష్ ఎస్, ఐపీ నైబర్, ఈ ఐదూ ఒక చిన్న స్క్రిప్ట్ ఫైల్లో పెట్టి, రూట్ క్రాన్‌ట్యాబ్‌లో (టైము ప్రకారం నడిచే పనుల జాబితా) ఐదు నిముషాలకోసారి నడిచేలా పెట్టండి, ఫైలు పేరులో తేదీ టైము వచ్చేలా. పర్సంటేజ్ గుర్తు క్రాన్ లైన్లో నేరుగా రాస్తే తేడా చేస్తాది, అందుకే తేదీ తయారుచేసే పని స్క్రిప్ట్ లోపలే ఉంచండి. వారం దాటినవి ఫైండ్ కమాండ్‌తో తీసేయించండి, లేకపోతే ఇవే డిస్క్ నింపుతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస, సోంపేట వైపు కరెంటు ఎన్నాళ్ళు లేదో మనందరికీ తెలుసు, అంతదాకా అక్కర్లేదు, మామూలు కోతలోనే యూపీఎస్ చేతులెత్తేస్తే ర్యామ్‌లో టేబుళ్ళు పోతాయి. డిస్క్ మీద పడ్డ ఈ ఫైళ్ళు అప్పుడు మిగులుతాయి.

విండోస్ మెషీన్ అయితే రిసోర్స్ మానిటర్ తెరిచి సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ దగ్గర ఫైలు పేరు వెతకండి, ఎవరు పట్టుకున్నారో చెప్తాది. ఇంకా లోతుగా కావాలంటే మైక్రోసాఫ్ట్ సైట్‌లో సిస్‌ఇంటర్నల్స్ ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఫ్రీగానే ఉంది.

అన్నీ తీసుకున్నాక, పెన్‌డ్రైవ్‌కి కాపీ అయ్యాక, ఓనరు అవతల కంగారు పెడుతుంటే అప్పుడు రీస్టార్ట్ కొట్టండి, తప్పేం లేదు, కస్టమర్లు లైన్లో నిలబడి ఉంటారు. ఆ టైప్‌స్క్రిప్ట్ ఫైలు సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళకో, తెలిసిన అన్నకో పంపితే సర్వర్ పనిచెయ్యట్లేదు అన్న ఒక్క ముక్క కన్నా వంద రెట్లు తొందరగా జవాబు వస్తాది. పంపే ముందు మాత్రం ఒకసారి తెరిచి చదవండి. కమాండ్‌తో పాటే పాస్‌వర్డ్ ఇచ్చి నడిపే ప్రోగ్రాములు ఉంటాయి, పీఎస్ లిస్టులో ఆ పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు కనిపిస్తాది, దాన్ని చెరిపి అప్పుడు వాట్సాప్‌లో పెట్టండి.